బీరువాలో లైట్‌హౌస్ కాపరి

మునిగిపోయిన ఒక రేవు పట్నం కథ మీద ఒక బొమ్మల కంపెనీ చేసిన ఆరు బొమ్మలవి. ఒక్కొక్కటి జానెడుకు కాస్త తక్కువ. మెడ, మోచేతులు, మోకాళ్లు, చివరికి మణికట్లు కూడా వంగుతాయి. ఓడ కెప్టెను, గజ ఈతగాడు, వల అల్లే ముసలమ్మ, సుంకం గుమస్తా, గంట కొట్టేవాడు, లైట్‌హౌస్ కాపరి. మొదటి ఐదుగురూ డబ్బూ ఓపికా ఉన్న ఎవరికైనా దొరికేవారు. ఆరోవాణ్ణి మాత్రం ఒకే ఒక్క పెద్ద చెయిన్ షాపుకి రాసిచ్చేశారు. ఆ షాపుల్లో తప్ప ఎక్కడా దొరకడు, ఒక్క విడతే వస్తాడు, అయిపోతే అయిపోయినట్టే. డబ్బా మీద బంగారు రంగు స్టిక్కరు అంటించి మరీ ఈ శుభవార్త చెప్పారు.

మాది విజయనగరంలో ఇత్తడి సామాన్ల కొట్టు. గంగాళం అడిగిన మనిషికి పది గంగాళాలు దించి చూపించి, కొనకపోయినా మంచినీళ్లిచ్చి పంపే వ్యాపారం. నేను చదువుకుని డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పుకుంటున్నాను గానీ రక్తం అదే. అందుకని ఈ పద్ధతి మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు.

"అడిగినోళ్లు వందమంది ఉంటే రెండు తయారు సేసినారా?" అన్నాడు నాన్న.

"అవును నాన్నా."

"అమ్మడం ఇష్టం నేనోడు కొట్టెందుకు తెరిసినాడ్రా?"

వ్యాపారశాస్త్రం మీద నేను విన్న ప్రశ్నల్లో ఇది ఉత్తమమైనది. 

ఈ పిచ్చిలో నాకు ఒక్కడే తోడు. మా మేనత్త కొడుకు, శ్రీకాకుళంలో బియ్యం కొట్టు నడుపుతాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద, నాకు బావ; చిన్నవాణ్ణయినా నన్నూ బావా అనే పిలుస్తాడు. కొట్టులో గల్లాపెట్టె వెనక అరలో, దేవుడి పటం కింద, అతని ఐదుగురూ వరసగా నిలబడి ఉండేవారు. బియ్యం కొనడానికొచ్చినవాళ్లు అవేవో గ్రామదేవతలనుకుని దణ్ణం పెట్టుకున్న సందర్భాలు ఉన్నాయని అతను చెప్పేవాడు. అతను చెప్పినవాటిలో సగం నేను నమ్మేవాణ్ణి. నేను చెప్పినవన్నీ అతను నమ్మేవాడు.

గజ ఈతగాడు దొరికినప్పుడు ఇద్దరికీ కలిపి ఒక్కడే దొరికాడు. బావ వాణ్ణి నా చేతిలో పెట్టి, తను ఇంకో నాలుగు నెలలు ఆగాడు. కాబట్టి లైట్‌హౌస్ కాపరి విషయంలో ఒప్పందానికి పెద్ద చర్చ జరగలేదు. బియ్యం బస్తాల మధ్య నిలబడి నేనే అన్నాను, దొరికిన మొదటివాడు నీవాడు బావా అని. పైగా అతనికి ఆ బొమ్మ మీద వేరే హక్కు కూడా ఉంది. చిన్నప్పుడు ఎండుచేపల వాసనలో కళింగపట్నం లైట్‌హౌస్ కింద నిలబడి, పైకెక్కనివ్వని కాపలావాడితో గంటసేపు బతిమాలుకున్నవాడు అతను. నేను పక్కనే ఉన్నాను గానీ బతిమాలలేదు.

ముందు కంప్యూటర్ మీద ప్రయత్నించాం. పదకొండుకి అమ్మకం తెరుస్తామన్నారు. పదకొండూ రెండుకి మూశారు. ఆ రెండు నిమిషాల్లో బావ ఒకసారి తెర మీది బొమ్మను నొక్కగలిగాడు కూడా. మీ పిన్‌కోడుకి ఈ వస్తువు పంపడం లేదు అని వచ్చింది.

"అంటే మన కళింగపట్నంలో లైట్‌హౌస్ ఉంటాది గానీ కాపరి ఉండకూడదన్న మాట," అన్నాడు బావ.

ఇక మిగిలింది విశాఖపట్నంలోని షాపు. అది దసరా వెళ్లిన తరవాతి నెల. బావకి కొత్త ధాన్యం లారీలు దిగే రోజులు, కదలడానికి వీల్లేదు. నేను కాలేజీకి సెలవు పెట్టి, తెల్లారే బస్సెక్కి, షాపు షట్టరు ఎత్తకముందే మెట్ల మీద నిలబడ్డాను. కౌంటర్లో అమ్మాయి మర్యాదస్తురాలు.

"రెండు పీసులు రావాలి సార్. ఒకటే వచ్చింది."

"రెండోది ఎప్పుడొస్తుందమ్మా?"

"రావాలి సార్."

ఒక్కటే. కాబట్టి అది బావది. ఈ లెక్కకు జువాలజీ కూడా అవసరం లేదు. డబ్బా పట్టుకుని మళ్లీ బస్సెక్కాను. కిటికీ వెలుగులో చూశాను. తెల్లటి గెడ్డం, వంగిన నడుము, పైకెత్తిన చేతిలో లాంతరు. చెంపల మీద ఉప్పుగాలికి పగిలినట్టు సన్నటి గీతలు. ఐదుగురు నా గదిలో ఎదురుచూస్తున్నారు. అక్కడ వాళ్ల పక్కన ఇతని జాగా అలాగే ఉంది. తగరపువలస వంతెన మీదుండగా ఫోన్ మోగింది.

"ఏటయింది బావా?"

"దొరకలేదు బావా."

ముందుగా అనుకున్నది కాదు. రెండోది వస్తుందిగా, అప్పుడు రెండూ తెచ్చానని చెప్పొచ్చు, అప్పటికి ఈ మాట అబద్ధం కాకుండా పోతుంది అని, మాట జారిన తరవాత, వంతెన దాటేలోపు ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. బావ లారీవాణ్ణి ఒక్క నిమిషం ఆగమన్నాడు. ఆ తరవాత, "పోనీలే. పొద్దున్నుంచి ఏటైనా తిన్నావా?" అన్నాడు.

ఆ ప్రశ్న అడగకుండా ఉంటే నేను ఇంకాస్త సులువుగా బతికేవాణ్ణి.

రెండోది రాలేదు. దాచడమొక సమస్య అయింది. బావ మా ఇంటికొస్తే నా గదిలో ప్రతి అరా తెరుస్తాడు, చిన్నప్పటి హక్కు. అతను చచ్చినా తెరవని చోటు ఒక్కటే, మా అమ్మ పట్టుచీరల బీరువా. అడుగు అరలో, అమ్మ కట్టడం మానేసిన చీరల వెనక పెట్టాను. ఆ ఇనప తలుపు మూస్తుంటే ఎప్పుడూ చేసే చప్పుడే చేసింది. నాకే అది మాటలా వినిపించింది.

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నమ్మకం లేని మనుషుల దగ్గరికి అవి రాకూడదన్న నియమం మాత్రం ఏదీ ఉన్నట్టు లేదు. ఆ లాంతరులో వెలుతురు పీల్చి చీకట్లో మినుకుమనే రంగేదో పూశారు. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో ఉన్నాడో లేడో చూద్దామని తలుపు తెరిచేవాణ్ణి. చీరలు జరిపి కాసేపు చూసి మూయబోతే, సందులోంచి పాచిరంగు చుక్క ఒకటి నావైపే వెలిగేది. నేను తెరవకుండా ఉంటే అది ఎప్పుడో ఆరిపోయేది. తెరిచి తెరిచి నేనే దానికి వెలుగు పోశాను. ఆ సంగతి శాస్త్రరీత్యా నాకు తెలుసు. తెలిసీ వారానికి రెండుసార్లు తెరిచేవాణ్ణి. క్లాసులో సముద్ర జీవుల గురించి చెబుతూ బోర్డు మీద ఏదో గీసి, వెనక్కి జరిగి చూస్తే లాంతరు గీసి ఉండేది. పిల్లలు దాన్ని కూడా పుస్తకాల్లో ఎక్కించుకున్నారు.

ఇంతకన్నా ఘోరం ఆదివారాలు. ప్రతి ఆదివారం కొట్టు కట్టేశాక బావ ఫోన్ చేసేవాడు.

"బరంపురంలో మా సరుకు కొనే ఆయన కొడుకుని ఆ షాపుకి పంపినాను. నేదన్నారంట. రాయపూర్ లో కూడా అడిగించినాను. సూద్దాం. వస్తే మొదటిది నీకే."

"నాకెందుకు బావా? మొదటిది నీదని కదా అనుకున్నాం."

"అది అప్పుడు. అంత దూరం ఎల్లి ఉత్తి సేతుల్తో వచ్చినావు. ఆ రోజు నీ గొంతు ఇన్నాను కదా, ఏడుపొక్కటే తక్కువ."

నా గొంతులో అతను విన్నది ఏమిటో నాకు తెలుసు. కాదని చెప్పడానికి పదకొండు నెలలు సమయం దొరికింది. ప్రతి ఆదివారం చెబుదామనే ఫోన్ ఎత్తేవాణ్ణి. ప్రతి ఆదివారం అతను ఇంకో ఊరు వెతికేసి ఉండేవాడు. వెతికిన ఊళ్లు పెరిగేకొద్దీ చెప్పాల్సిన మాట బరువెక్కిపోయింది. ఒక దశలో, అతనికి నిజంగా ఎక్కడైనా దొరికి, దాన్ని తెచ్చి నా చేతిలో పెడితే ఏం చేయాలన్న భయం పట్టుకుంది. దొరక్కూడదని కోరుకున్నాను. ఆ షాపువాళ్ల పద్ధతి నాకు మొదటిసారి సబబుగా కనిపించింది.

మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెడతారు. బల్ల మీద పీటలు పేర్చి, తెల్లగుడ్డ పరిచి, ఐదు మెట్లు. ప్రతి ఏడూ ఒక్కటైనా కొత్త బొమ్మ చేరాలని ఆనవాయితీ. ఆ ఏడు అమ్మకి మోకాళ్ల నొప్పులు, బజారుకి వెళ్లలేదు. నేను ఆ సంగతి పట్టించుకోలేదు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ తలెత్తితే, పై మెట్టు మీద, వినాయకుడికీ లక్ష్మీదేవికీ మధ్య, లైట్‌హౌస్ కాపరి నిలబడి ఉన్నాడు. నుదుట కుంకుమ బొట్టు. మెడలో చామంతి. డబ్బా కోసం చూశాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపారు. బంగారు స్టిక్కరు పైకే ఉంది.

బొమ్మ కొని ఆడవాళ్ల బీరువాలో దాచుకున్న కొడుక్కి మా అమ్మ ఊహించగలిగిన గౌరవప్రదమైన కారణం కొలువొక్కటే. తీసెయ్యడానికి ఒక అడుగు వేశాను. వీధిలో బావ కారు చప్పుడయింది. పేరంటానికి మా మేనత్తని తీసుకొచ్చాడు.

అతను లోపలికొస్తూనే ప్రతి ఏడూ అడిగేదే అడిగాడు. "అత్తా, ఈ ఏడు కొత్త బొమ్మేదీ?"

"పైన సూడు బాబూ. ఆ గెడ్డం సాధువు."

బావ చూశాడు. నేను అతని మొహం చూడకుండా మాట్లాడాను. "మొన్ననే దొరికాడు బావా. ఫోన్ చేద్దామనే..."

"మొన్నేటిరా," అంది అమ్మ మురిసిపోతూ. "కార్తీకమాసం నుంచి నా సీరల ఎనకాలే ఉన్నాడు కదా. నాకు తెలీదనుకున్నాడు బాబూ. సూసి కూడా సూడనట్టు ఊరుకున్నాను, కొలువు నాటికి తనే ఇస్తాడులే అని. మర్సిపోనాడు. ఇంక నేనే తీసి పెట్టీసినాను."

"అదృష్టమమ్మా నీది," అంది మేనత్త. "మావోడూ ఉన్నాడు. ఇంట్లో బియ్యం అయిపోనాయిరా అంటే, కొట్లో ఉన్నాయి కదా అంటాడు."

పేరంటాళ్లంతా నవ్వారు. బావ కూడా నవ్వాడు. మెట్ల ముందు కూర్చుని అన్ని బొమ్మలనూ తీరిగ్గా చూశాడు. పై మెట్టు వైపు మళ్లీ తలెత్తలేదు.

వాయనాలిస్తుంటే అతను అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. శనగల గిన్నె పట్టుకుని నేనూ వెళ్లాను. చాలాసేపు వీధిలో వెళ్లే ఆటోలు లెక్కపెట్టాం.

"ఆ రోజు నేను ఫోన్ సేసినప్పుడు ఒళ్లోనే ఉన్నాడేటి?"

"సంచిలో ఉన్నాడు బావా."

"సంచి?"

"ఒళ్లో ఉంది."

బావ తలూపాడు. తూకం సరిపోయిందని ఒప్పుకున్న మనిషిలా.

"తీసుకెళ్లిపో. ఇప్పుడే తెస్తాను," అన్నాను.

"కొలువెక్కిన బొమ్మని గడప దాటించకూడదంట. అత్త బాధ పడతాది." నాలుగు శనగలు నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు తక్కువైనాది."

అంతే. తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. ఆ ఆదివారం ఫోన్ మోగలేదు, ఆ తరవాత ఏ ఆదివారమూ మోగలేదు. పెళ్లిళ్లలో కలిస్తే పక్కన కూర్చోబెట్టుకుని వానల గురించి, మా అమ్మ మోకాళ్ల గురించి మాట్లాడేవాడు. బొమ్మల మాట మాత్రం ఎత్తలేదు. వేసవిలో శ్రీకాకుళం వెళ్లినప్పుడు కొట్టుకెళ్లాను. గల్లా వెనక ఐదుగురూ ఉన్నారు. గంట కొట్టేవాడి పక్కన జాగాలో రబ్బరు స్టాంపు, ఇంకు డబ్బా పెట్టుకున్నాడు.

దాచినది బయటపడితే నన్ను పట్టినది వదులుతుందనుకున్నాను. దానికి మా ఇంట్లో సొంతంగా ఒక మెట్టు దొరికింది, అంతకు మించి జరిగిందేమీ లేదు. నా గదిలో ఐదుగురి పక్కకు అతన్ని చేర్చనే లేదు. కొలువు ఎత్తేశాక అమ్మ అతన్ని గుడ్డలో చుట్టి, దేవుడి బొమ్మలతో పాటు ట్రంకుపెట్టెలో పడుకోబెట్టింది. నుదుటి మీద బొట్టు ఎర్రగా ఇంకిపోయింది. ఒకసారి గట్టిగా తుడిచాను, పోలేదు. రెండోసారి తుడవడానికి నాకు ధైర్యం చాలలేదు.

మరుసటి దసరాకి అమ్మ మోకాళ్లు మరీ పట్టేశాయి. బొమ్మలు దించిపెట్టడానికి రమ్మని నాకు చెప్పకుండా బావకి కబురు పెట్టింది. వచ్చాడు. ట్రంకుపెట్టె ముందు గొంతుకూర్చుని ఒక్కొక్క బొమ్మనే విప్పి అందిస్తుంటే నేను మెట్ల మీద పెడుతున్నాను. వినాయకుణ్ణి మెడ పట్టుకుని ఇచ్చాడు. రాధాకృష్ణుల్ని రెండు కాళ్లూ ఒడిసి పట్టుకుని ఇచ్చాడు. తరవాతి మూట విప్పి ఆగాడు.

నేను మెట్లనే చూస్తూ చెయ్యి చాచి ఉంచాను.

రెండు వేళ్లతో నడుం దగ్గర పట్టుకున్నాడు, రంగు మీద చెమట అంటకుండా. మోకాళ్లు ఒక్కొక్కటే వంచి చూశాడు.

"కుడి మోకాలు వదులైపోనాది," అన్నాడు. "నిలబెట్టేటప్పుడు ఎనక్కి ఆనించు. నేకపోతే పడిపోతాడు."

నా అరచేతిలో పెట్టి, తరవాతి మూట విప్పడం మొదలుపెట్టాడు.