నీళ్లు వెళ్లిపోయిన పూట

కరోనా మొదటి అల తగ్గిన చలికాలం అది. జబ్బు చేసి లేచిన మా ఆవిడ సుజాతకు వాసన తెలియకుండా పోయి అప్పటికి ఆరు నెలలు. బతుకుదెరువుకు వచ్చిన మగ్గాల ఊళ్లో, గోడాదరా బస్తీలోని మా ఇంట్లో ఆమె పదిమంది పవర్‌లూమ్ కార్మికులకు భోజనం డబ్బాలు వండి పంపేది. ఎంగిలవుతుందని రుచి చూసేది కాదు. మూత తీసి వాసన చూసి ఉప్పు తక్కువో పులుపు ఎక్కువో చెప్పేసేది. ఆ ముక్కే మొరాయించాక డబ్బాలు మానేసి, వంట నాకప్పగించి, కిటికీ దగ్గర కూర్చుంది. తాజా చేపల పులుసు పెడితే ముక్కు తెరుచుకుంటుందేమోనని నాకో పిచ్చి ఆశ. సెలవు రోజు చూసుకుని పడవ మాట్లాడాను.

తెల్లవారుజామున ఐదింటికి బండి తీస్తే డుమస్ దగ్గరి జాలర్ల రేవుకు గంట. పడవ, గాలాలు, ఎర, ఐసు డబ్బా అన్నీ కలిపి రెండు వేలు. పడవ నడిపే కాంతిభాయి హిందీలో ముందే చెప్పాడు: "తొమ్మిదిన్నరకల్లా తిరగాలి భాయ్. తర్వాత నీళ్లు మన మాట వినవు." తాపీ నది సముద్రంలో కలిసేచోట మంచు కమ్మేసి, నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియలేదు. మాస్కు దించి ఉప్పుగాలి పీల్చాను. ఇది సుజాతకు అందదు కదా అని మనసు కలుక్కుమంది.

తొమ్మిదికల్లా, ఇక్కడివాళ్లు బోయి అనే జానెడేసి చేపలు ఎనిమిది ఐసులో ఉన్నాయి. నాకు చాలలేదు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ కూర్చుంటే పదింటికి మూరెడు జెల్ల పడింది. డబ్బాలో పట్టక గోనెలో చుట్టాను. తిరుగుదారిలో చూస్తే, మగ్గం మీంచి గుడ్డ లాగేసినట్టు సముద్రం వెళ్లిపోయింది. పడవ బురదలో కూలబడింది.

"చెప్పానా లేదా?" అని కాంతిభాయి మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. ఐదున్నర గంటలు అక్కడే. కనుచూపు మేర మెరిసే బురద, దానిమీద గంతులేసే చిట్టి చేపలు, ఎండలో తేలుతున్నట్టున్న హజీరా ఫ్యాక్టరీల పొగగొట్టాలు. సిగ్గుగా ఉన్నా, నిజం చెప్పాలంటే, ఆ ఆరు నెలల్లో నా మనసు నెమ్మదించింది అప్పుడే. మూడున్నరకు పడవ కింద నీళ్లు మెల్లగా కదిలాయి.

జెల్ల పాడైందని నాకు దారిలోనే తెలుసు. ఇంటికొచ్చి వంటింట్లో గోనె విప్పగానే కిటికీ దగ్గర్నుంచి సుజాత అరిచింది.

"ఏందిది? గింత గబ్బు కొడుతుంది!"

"జర ఆలస్యమైంది..." అంటూ ఆగిపోయాను. ఆమె కూడా ఆగిపోయింది. గబగబా వచ్చి గోనె మీదికి వంగి పీల్చింది, మళ్లీ పీల్చింది. కళ్లనిండా నీళ్లు.

"పారెయ్యకు," అంది. "ఇంకా జర దగ్గర పెట్టు."

బోయి చేపల్ని ఉప్పు, పసుపుతో కడిగి చింతపండు పులుసు పెట్టాం. ఆ వాసన తనకు తెలియలేదంది. అయినా గరిటె నా చేతికివ్వలేదు.

మంచి వాసన కోసం వెళ్లి చెడ్డ వాసన తెచ్చాను. మా ఇంట్లో దానికే పండగైంది. మీరు వెళ్తే రేవులో ఆటుపోట్ల వేళ అడిగి, తిరగమన్నప్పుడు తిరగండి, పెద్ద ఐసు డబ్బా తీసుకోండి. నేను తీసుకోనందుకు మాత్రం నాకేమీ బాధ లేదు.