సదాపాకు తైలం

నాకు కడుపొచ్చిన మూడో నెలలో నడుంనొప్పి పట్టుకుంది. రామచంద్రపురంలో మా అమ్మకు పురుడు పోసి నన్ను భూమ్మీదకు తెచ్చిన మంత్రసానిని నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె సదాపాకు వేసి కాచిన తైలం సీసా ఇచ్చి, "రోజూ నడుముకీ పొత్తికడుపుకీ రాసుకో అమ్మా, రెండు చుక్కలు వేడినీళ్లలో తాగు" అంది. ఎంత ఘాటుగా ఉన్నా, ఆమె మీది నమ్మకంతో వాడాను.

అయిదో రోజున రక్తం కనబడింది. సాయంత్రానికి గర్భం పోయింది. ఆమే వచ్చి నా తల నిమిరి, "మన రాత ఇంతేనమ్మా" అని ఏడిచింది. నేనే ఆమెను ఓదార్చాను.

ఆర్నెల్ల తర్వాత, పెద్దమ్మ కూతురు కడుపుతో ఉందని తెలిసి చూడ్డానికి వెళ్లాను. ఆ పిల్ల గూట్లో ఉన్న తైలం సీసా అందుకోబోతే తల్లి చటుక్కున లాక్కుంది.

"కడుపుతో ఉన్నోళ్లు దీన్ని ముట్టుకోకూడదే! గర్భం నిలవదు!"

"మరి నాకెందుకిచ్చావు పెద్దమ్మా?" అన్నాను.

ఆమె సీసా వైపే చూస్తూ, "కొంచెమైతే ఏమీ కాదులే అనుకున్నానమ్మా" అంది.

ఆ కొంచెం కూడా తన కూతురికి అంటనివ్వలేదు. ఆ తర్వాత వచ్చిన నా పురుటికి ఆమెను పిలవలేదు, తుని నుంచి మా పిన్ని వచ్చింది. పెద్దమ్మ పోయిందని కబురొచ్చినా చివరిచూపుకు నేను వెళ్లలేదు.