కంది చేలో నిలబడిన కుక్క

ఇది మహాకావ్యం. ఇందులో వేట ఉంది, వీరుడున్నాడు, ఎడబాటు ఉంది, నిండు సభలో ఒక పరీక్ష కూడా ఉంది. పద్దెనిమిది పర్వాలకు సరిపోయే సరుకు.

అని మొదలుపెడితే బాగుంటుందనిపించింది గానీ, అబద్ధం ఎక్కువసేపు నిలబడదు. వేటలో తుపాకీ లేదు, వేట నిషేధం. వీరుడికి నాలుగు కాళ్ళు, ఎడమ చెవి మీద కాఫీ ఒలికినట్టు ఒక మచ్చ. ఎడబాటు నాది. దానికి పర్వం కాదు గదా, పేరా కూడా దండగని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం.

ఆలూరు పక్కన పల్లెలో మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, కోడెలను కాడికి అలవాటు చేయడంలో పేరున్న మనిషి. ట్రాక్టర్లు వచ్చాక పని పోయింది, పేరు మిగిలింది. నేను డిగ్రీ అయ్యాక కర్నూల్లో గది తీసుకుని పోటీ పరీక్షలు రాసుకుంటున్నవాణ్ణి. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య ఖాళీలో మామ ఇంటికి వెళ్ళాను. ఆ ఖాళీ ఎంత పెద్దదంటే, అందులో ఒక కుక్కపిల్ల పెరిగి కుక్కయింది.

ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు తిప్పే ఒక ఆసామి ఆ పిల్లను తెచ్చి మామ పెరట్లో దించాడు. పాత పరిచయం, ఎప్పుడో మామ దగ్గర ఎద్దులు కొన్నాడు. కుక్కది పాయింటర్ జాతి. పొదలో దాగిన పిట్ట వాసన తగలగానే ఈ కుక్క దూకకూడదు, మొరగకూడదు. ముందుకాలు ఒకటి ఎత్తి, ముక్కు చాచి, తోక బిగబట్టి, ఫొటోకు నిలబడ్డ పెళ్ళికొడుకులాగా కదలకుండా ఉండాలి. మనిషి వెళ్ళి పిట్టను లేపేదాకా అంతే. అతిథులు వచ్చినప్పుడు తన తోటలో కుక్క అట్లా నిలబడాలని ఆసామి ముచ్చట. వాళ్ళు వీడియో తీసుకుంటారు. పిట్టకు హానేమీ లేదు, కొంచెం చిరాకు తప్ప.

"కోడెనే నిలబెట్టేటోనివి, కుక్క నీకొక లెక్కనా?" అన్నాడు ఆసామి.

ఎవరైనా పొగిడితే మామ దేనికైనా ఒప్పుకుంటాడు. తల ఊపాడు. కుక్కను నిలబెట్టడం వేరే విద్య అని ఇద్దరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, అది వేరే సంగతి. కంది కోతలయ్యేలోపల నేర్పాలని ఒప్పందం. కారెక్కుతూ ఆసామి ఇంకో మాట అన్నాడు. నేర్చుకోకపోతే తనకు వద్దట, మామే చేని కాపలాకు ఉంచుకోవచ్చట. ఆ మాట నా చెవిన పడకుండా ఉంటే నా ఆరోగ్యానికి మంచిదై ఉండేది.

"పేరు పెట్టొద్దురా అబ్బీ," అన్నాడు మామ. "పేరు పెడితే మన కుక్క అయితాది."

పెట్టలేదు. 'ఏమప్పా' అని పిలిచేవాణ్ణి. ఊళ్ళో మగవాళ్ళందరినీ పిలిచేది అట్లాగే కాబట్టి, కుక్కతో పాటు ఇంకో ఇద్దరు తిరిగి చూసేవారు.

పాఠం మొదలైంది. కర్నూలు నుంచి ఫారం కౌజుపిట్టను ఒకదాన్ని బుట్టలో తెచ్చి, వేరుశనగ కట్టె కింద దాచేవాళ్ళం. కుక్క మెడకు దుక్కి పగ్గం కట్టి, రెండో కొస నా చేతికిచ్చాడు మామ. కుక్క వాసన పట్టి ఉరకబోతుంది. అప్పుడు మామ ఎద్దులను ఆపినట్టే, కడుపులోంచి, "హో" అంటాడు. నేను పగ్గం బిగిస్తాను. ఆగితే మామ వెళ్ళి దాని డొక్క నిమురుతాడు, అచ్చం కోడెను నిమిరినట్టే. మొదట్లో బరువు తెలియాలని వీపున ఇసుక సంచి కూడా కడదామన్నాడు. ఇది బండి లాగే ఉద్యోగం కాదని నేను అడ్డుపడ్డాను.

కుక్క నిలబడాలంటే పగ్గం రెండో కొసన ఉన్నవాడు కూడా నిలబడాలి. ఇది ఎవరూ ముందు చెప్పలేదు. దోమ కుట్టినా, ఫోను మోగినా కదలకూడదు. నేను బడిలో ప్రార్థనప్పుడు కూడా అంత కుదురుగా నిలబడలేదు. కుక్క నా వైపు ఒక కంట చూసేది, నేను దాన్ని చూసేవాణ్ణి. మా ఇద్దరికీ మధ్య మామ "హో" గాలిలో ఉండేది. రోజులు అట్లా గడిచాయి. నాకు పరీక్ష ఫీజు కట్టే గడువు కూడా అట్లాగే గడిచింది.

కోతలు దగ్గరపడేసరికి కుక్క గొప్పగా నిలబడసాగింది. చిక్కేమిటంటే, అది పిట్టకు కాదు, "హో"కు నిలబడుతోంది. ఒకరోజు వీధిలో వెళ్తుంటే, ముందు పోతున్న బండాయన ఎద్దులను "హో" అన్నాడు. ఎద్దులు ఆగాయి. మా కుక్క కూడా నడివీధిలో కాలెత్తి, ముక్కు చాచి, కిరాణా కొట్టు వైపు చూస్తూ నిలబడిపోయింది. వెనకాల ఆటో హారన్ కొట్టింది. కుక్క కదల్లేదు. కొట్టాయన బయటికొచ్చి, మా దుకాణంలో ఏముందని అట్లా చూస్తాండాది అని అడిగాడు.

మామకు చెబితే, చూస్తివా ఎవరి మాటైనా వింటాది అని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను, వేరే కారణానికి. ఇట్లాంటి కుక్క ఏ పరీక్షలోనూ గట్టెక్కదు. ఆ విషయంలో నాకు అనుభవం ఉంది. ఇక ఇది మన చేని కాడనే ఉంటుంది, ఉగాదికి ఒక పేరు కూడా పెట్టుకోవచ్చు అనుకున్నాను. రెండు మూడు పేర్లు ఆలోచించాను కూడా.

ఆ వారంలోనే ఒక పొద్దున మామ ఇంకా లేవలేదు. నేనూ కుక్కా పగ్గం లేకుండా కంది చేను గట్టున నడుస్తున్నాం. కాయలు ఎండి గాలికి గలగలమంటున్నాయి. కుక్క నాకు నాలుగు సాళ్ళ ముందు పోతోంది. పోతూ పోతూ ఆగిపోయింది.

ఎవరూ ఏమీ అనలేదు. చుట్టుపక్కల ఎద్దు లేదు, బండి లేదు. ముందుకాలు మెల్లగా పైకి లేచి, తను అనుకోకుండానే లేచినట్టు, అక్కడే ఉండిపోయింది. డొక్కల్లో ఊపిరి తప్ప ఏదీ కదలడం లేదు. అలవాటు కొద్దీ నేనూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఆ కాసేపు నాకు ఉద్యోగం రాకపోవడం గానీ, వయసు మీరిపోవడం గానీ గుర్తు లేదు. ఒక కుక్క, దాని ముందు కనపడనిదేదో, వెనకాల నేను. ఇప్పటికీ కర్నూలు గదిలో పుస్తకం ముందు కూర్చుంటే ఆ కాలు అట్లాగే గాలిలో ఉంటుంది. పేజీ మాత్రం తిరగదు.

తర్వాత గట్టు కింది కంపలోంచి రెండు కౌజులు, స్టార్టు కాని మోపెడ్‌ను ఎవరో తంతున్నట్టు అరుస్తూ లేచి పోయాయి. కుక్క అప్పుడు కూడా దూకలేదు. నా వైపు తిరిగి చూసింది. ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. చరిత్ర ఎప్పుడూ ఇట్లాంటి సమయాలే చూసుకుంటుంది.

పరిగెత్తుకుంటూ పోయి మామకు చెప్పాను.

"నువ్వు హో అంటివా?"

"అన్లే మామా."

మామ నోట్లో పళ్ళపుల్ల అట్లాగే ఉంది. "అయితే నేర్చిందిరా," అన్నాడు. తను నేర్పిన కోడె అమ్ముడుపోయిన రోజు పెట్టే మొహం పెట్టుకుని అన్నాడు. అప్పుడు తెలిసింది, పేరు పెట్టొద్దన్నది నా కోసమే కాదని.

కోతలయ్యాయి. ఆసామి ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని కారులో వచ్చాడు. చేను బోసిగా ఉంది. దాగడానికి చోటు లేక పిట్టలు ఎప్పుడో వంక ఒడ్డు పొదల్లోకి పోయాయి. కుక్క చేనంతా తిరిగింది, గట్టు మీద ఒక రాయిని వెనకకాలెత్తి గౌరవించింది, పడుకోబోయింది. స్నేహితులు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. ఆసామి మొహం మాడింది. నేను బాధ నటిస్తున్నాను, బాగానే నటిస్తున్నాననుకుంటాను.

పక్క చేలో కంది కట్టె ఎత్తుకుంటున్న బండాయన ఎద్దులను అదిలించి, కొంచెం దూరం పోయాక, "హో" అన్నాడు.

కుక్క నిలబడిపోయింది. కాలు లేచింది, ముక్కు సాగింది, తోక బిగిసింది. దాని ముక్కుకు ఎదురుగా చిరిగిన యూరియా సంచి ఒకటి ఉంది. ఫోన్లు జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని మరీ తీశాడు. పిట్ట యాడుందన్నా అని ఆసామి రహస్యంగా అడిగాడు.

మామ నన్ను చూశాడు. తర్వాత ఉన్నమాట చెప్పాడు.

"పిట్ట ల్యాదప్పా ఈడ. ఎద్దుల మాటకు నిలబడింది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆసామి వీడియో తీస్తున్నవాళ్ళ వైపు చూసి, మామ భుజం తట్టాడు.

"వీడియోలో పిట్ట యాడ కనపడతాదన్నా? కుక్క కనపడితే సాలు. శానా బాగా నిలబడింది."

అంతే పరీక్ష. ఇంత తేలికైన పరీక్ష నాకెవరూ పెట్టలేదు.

వెనక తలుపు తీసి పిలిస్తే కుక్క కారు వైపు నడిచింది, లోపల బిస్కెట్లున్నాయి మరి. నేను గేటు దగ్గర ఉన్నాను. ఒక్కసారి "హో" అంటే ఆగేది. గొంతుదాకా వచ్చింది కూడా. అంటే ఆగుతుంది, కాలెత్తి నిలబడుతుంది, అందరూ చూస్తారు, ఇంకో వీడియో తీస్తారు. ఆ తర్వాత? ఆ తర్వాతది మేము దానికి నేర్పలేదు, నాకూ ఎవరూ నేర్పలేదు. తలుపు పడింది.

అప్పుడప్పుడు ఆసామి వీడియోలు పంపుతాడు. నిమ్మతోటలో కుక్క నిలబడి ఉంటుంది, వెనక ఎవరో నవ్వుతుంటారు. నేను సౌండు పెంచి వింటాను. "హో" వినపడకపోతే, అది నిజంగా పిట్ట కోసం నిలబడిందని అర్థం. ఊరికి పోయినప్పుడు మామ నా ఫోను మీదికి వంగి, మళ్ళీ పెట్టరా అంటాడు. చూశాక, దానికి మనం గుర్తుంటామంటావా అని నన్ను అడగడు. నేనూ అడగను. పోయిన వారం మాత్రం, "ఒగసారి పోయి సూసొద్దాంరా అబ్బీ," అన్నాడు.

కనుక్కున్నాను, ఆలూరు నుంచి ఎర్రగుంట్లకు నేరుగా బస్సు లేదు. గుంతకల్లు దాకా బస్సులో పోయి, అక్కడ రైలెక్కాలి.