ఆయన పంపని బిడ్

"మొప్ప ఎత్తినానే. చదవమంటావా?"

"ఆటో వచ్చేసింది. సాయంత్రం వింటా. అప్పటిదాకా పంపబాకు."

"సాయంత్రానికి నలభై మంది రాసేస్తారే."

"రాయనీలే. నేను వినకుండా మటుకు పంపబాకు."

మా ఆయనా నేనూ ఆఖరిగా అనుకున్న మాటలు ఇవే. టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మం దిగాను. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. వీపు చూశాను, మొహం చూడలేదు. మధ్యాహ్నం షెడ్డులో రొయ్యల తలలు తీస్తుంటే పక్కింటామె ఫోన్ చేసింది. గుండె. ఇందుకూరుపేట ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయిందట. చేతులైనా కడుక్కోకుండా పోయాను. ఆ రొయ్యల వాసనతోనే ఆయన చెంపలు పట్టుకున్నాను.

ఇది నేను రాస్తున్నది కాదు. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు పోల్చుకోవడం, అంతే వచ్చు. నేను చెబుతుంటే ఆయన అక్క కూతురు కంప్యూటర్‌లో కొడుతోంది. నాకు కోడలు వరస, మా ఇంట్లోనే ఉంటుంది, ఆయన దగ్గరే పని నేర్చుకుంది. పుస్తకాల్లో రాసినట్టు సరిచేసి రాస్తానంటోంది. సరిచేసుకో తల్లీ, కానీ నేను అననిది కలపకు.

ఆయన పని వెబ్‌సైట్లు కట్టడం. నెల్లూరులో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో జనానికి ఫారాలు నింపిపెడుతూ ఆ విద్య పట్టుకున్నాడు. పని దొరికేది మాత్రం ఊళ్ళో కాదు, ఒక సైట్‌లో. ఎక్కడో దేశంలో ఒకామె తన దుకాణానికి పేజీ కావాలని అందులో పెడుతుంది. నేను చేస్తాను, ఇంతకు చేస్తాను అని అన్ని దేశాల పనివాళ్ళూ ఆమెకు రాస్తారు. దాన్నే బిడ్ అంటారు. ఒక్కో బిడ్‌కూ కొన్ని టోకెన్లు తీసుకుంటారు, అవి నెలకు ఇన్నేనని లెక్క. పని వచ్చినా రాకపోయినా పోయిన టోకెన్ పోయినట్టే.

పెళ్ళయిన కొత్తలో రోజూ రాసేవాడు. ఒక్కరూ పలికేవారు కాదు. ఏం రాస్తున్నావో నాకూ చెప్పమన్నాను. ఇంగ్లీషులో రాసింది తెలుగులో చదివాడు: నాకు అనుభవం ఉంది, కష్టపడతాను, మీకు తృప్తి కలిగేలా చేస్తాను. నాకు నవ్వాగలేదు. నేను జువ్వలదిన్నెలో పుట్టినదాన్ని. ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ వెనకాల చేపల గంపతో వీధులు తిరిగినదాన్ని.

"ఏమయ్యా, గంప దించకుండానే నా చేప మంచిది, నా చేప మంచిది అని అరస్తా ఉండావే! ఎవురు నమ్మతారు? మొప్ప ఎత్తి చూపించు. ఎర్రగా ఉంటే వాళ్ళే కొంటారు."

"వెబ్‌సైట్‌కి మొప్ప ఏడుంటాదే?"

"నాకేం తెలుసు? చదువుకున్నోడివి నువ్వు గదా, ఎతుక్కో."

రెండు రోజులు ఎవరెవరి పేజీలో తెరిచి చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు ఒక కేకుల కొట్టామెకు రాశాడు. తన గొప్ప ఒక్క ముక్క లేదు. అమ్మా, మీ పేజీని ఫోన్‌లో తెరిస్తే ఆర్డర్ ఇచ్చే బటన్ కేకు బొమ్మ కింద దాక్కుంటోంది, నొక్కడానికి అందడం లేదు, సరిచేస్తే ఎలా ఉంటుందో పంపిస్తున్నాను చూడండి, అంతే. ఆ పని వచ్చింది. ఐదు స్టార్లు ఇచ్చి, మంచి మాట కూడా రాసింది ఆమె.

అప్పట్నుంచీ ప్రతి బిడ్డూ పంపేముందు నాకు వినిపించాల్సిందే. నేను వంకాయలు తరుగుతూనో, ఉప్పుచేప ఎండబెడుతూనో వినేదాన్ని. "ఇంకా మొప్ప ఎత్తలా" అంటే విసుక్కుంటూనే మళ్ళీ రాసేవాడు. ఏళ్ళ తరబడి ఆ స్టార్లు పోగయ్యాయి. స్టార్లున్నవాడి బిడ్ పైన కనబడుతుంది. లేనివాడిది అడుగున పడి ఉంటుంది, ఎవరూ చూడరు. మా ఇల్లు నిలబడింది ఆ స్టార్ల మీదే.

పెద్దకర్మ అయ్యాక కోడలు కంప్యూటర్ తెరిచింది.

"అత్తా, మామ ఆ రోజు రాసిన బిడ్ పంపకుండా సైట్‌లో అట్నే ఉండాది. చదవనా?"

"వద్దు. సంవత్సరీకం అయినాక వింటా."

భయమేసింది. అది వినేస్తే ఆయన నాతో చెప్పాల్సిన మాటలు అక్కడితో అయిపోతాయి. ఇంకొక్కటి మిగిలి ఉందనుకుంటే రోజు గడిచేది.

ఆ తర్వాత జరిగిందంతా నా తప్పే. కోడలు తన పేరుతో కొత్త అకౌంట్ తెరుస్తానంది. నేను ఒప్పుకోలేదు.

"స్టార్లన్నీ మామ పేరు మీద ఉండాయి. వట్టి చేతులతో పోతే నీకెవురిస్తారు? మామ పేరుతోనే రాయి."

"అట్ట చేయకూడదంట అత్తా. ఒకరిది ఇంకొకరు వాడకూడదని రూలు."

"మా నాయన పోయి ఎన్నేళ్ళాయ? పడవ మీద ఇంకా ఆయన పేరే ఉండాది. మా తమ్ముడు వేటకి తీసకపోతా ఉండాడు, మా అమ్మ వాటా మా అమ్మకి వస్తానే ఉండాది. పేరు చెరపమని హార్బర్లో ఎవుడన్నా అడిగినాడా?"

పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆయన పేరుతో రాసింది. రెండు పనులు వచ్చాయి కూడా. అందులో ఒకటి ఇదివరకు ఆయనతో పని చేయించుకున్న అతనిది. పని మొదలుపెట్టేముందు, ఎలా ఉన్నావని అడిగాడు.

"ఏం రాయమంటావు అత్తా?"

"బాగుండానని రాయి."

రాసింది. ఆ పూట ఇద్దరం కంచాల ముందు కూర్చుని లేచిపోయాం.

ఇంకొన్నాళ్ళకు ఒకరోజు పొద్దున్నే సైట్ వాళ్ళు మొహం చూపించమన్నారు. అకౌంట్ ఎవరిదో వాళ్ళే ఫోన్ కెమెరా ముందుకు రావాలి, లేకపోతే మూసేస్తాం అని. కోడలు తల పట్టుకుంది. నేను గోడ మీది ఫొటో దించాను. దండ తీశాను. నుదుటి బొట్టు కొంగుతో తుడిచాను. రెండు చేతులతో ఫోన్ ఎదురుగా పట్టుకున్నాను.

"ఎడం పక్కకి తిరగమంటా ఉండాది అత్తా."

ఫొటో ఎడమకు తిప్పాను.

"కళ్ళు ఆర్పమంటా ఉండాది."

ఆయన్ని కళ్ళు ఆర్పమంటే నేనేం చెయ్యను? ఆ పిల్ల నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను, ఇద్దరికీ ఒక్కసారిగా నవ్వొచ్చింది. నవ్వి నవ్వి ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాను. ఆ నవ్వు ఏడుపులోకి ఎప్పుడు పోయిందో తెలియదు.

అకౌంట్ మూసేశారు. స్టార్లు పోయాయి, కేకుల కొట్టామె రాసిన మంచి మాట పోయింది. ఆయన పంపకుండా ఉంచిన బిడ్ కూడా అందులోనే పోయింది. సంవత్సరీకానికి ఇంకా రెండు నెలలు ఉంది.

తర్వాత చాలా రోజులకు కోడలు నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"అత్తా, తిట్టబాకు. దాంట్లో మొదటి లైను కంటబడింది నాకు."

"చెప్పబాకు" అన్నాను. గిన్నెలన్నీ తోమాక నేనే అడిగాను. "ఏందది?"

"మీ పేజీలో ఉన్న ఫోన్ నంబర్‌లో ఒక అంకె తక్కువ పడింది, మిమ్మల్ని పిలవాలనుకున్నవాళ్ళకు మీరు అందడం లేదు, అని."

మొప్ప ఎత్తాడు. ఆ పొద్దు అరనిమిషం నిలబడి ఉంటే ఆయన గొంతుతోనే వినేదాన్ని. ఆటోవాడు ఆగేవాడు.

ఇప్పుడు కోడలు పేరుతో అకౌంట్ ఉంది. ఒక్క స్టార్ లేదు. ప్రతి బిడ్డూ నాకు చదివే పంపుతోంది. బాగా రాస్తుంది, అయినా అడుగున పడిపోతోంది. ఒక్క జవాబు లేదు. నిన్నటితో ఈ నెల టోకెన్లు అయిపోయాయి. వచ్చే నెల కూడా ఇంతే అయితే నాతో షెడ్డుకు వస్తానంటోంది. ఐసు నీళ్ళలో నానిన నా వేళ్ళు చూపించాను, చూసి కూడా వస్తానంది. కంప్యూటర్ అమ్మేయమని మా తమ్ముడు రెండుసార్లు కబురు పెట్టాడు. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ముందే దాని పేరుతో మొదలుపెట్టనిచ్చి ఉంటే ఈపాటికి నాలుగు స్టార్లన్నా ఉండేవి. ఇదీ రాయి, దాటెయ్యకు.

ఒకటో తారీఖు దాకా బిడ్ పంపడానికి లేదు. కంప్యూటర్ ఊరికే ఉంది కదా అని ఇది చెబుతూ కూర్చున్నాను.

ఆటో హారన్ కొడుతున్నాడు. కొట్టనీ. నేను రావడం లేదని సైగ చెయ్యి, పోతాడు. మొదటి నుంచి చదువమ్మా, వింటాను.