నిర్మల్ చిలుకల్లో జర్మను మాటలు

కరీంనగర్ బస్టాండు హోటల్లో చాయ్‌లో చక్కెర మరీ ఎక్కువ. తక్కువ వేయమంటే హోటలువాడు తనకు తోచినంత తక్కువ వేస్తాడు. అది మళ్ళీ అంతే ఉంటుంది. నిర్మల్ వెళ్ళేవారు ఇంట్లోనే తాగి బయలుదేరడం మంచిది.

ఆరున్నర బస్సు ఏడు దాటాక కదిలింది. నేను వెళ్తున్నది నరహరి సారు దగ్గరికి. పట్నం కాలేజీలో మాకు జర్మను చెప్పిన మనిషి. తరగతిలో నలుగురం, పరీక్ష నాటికి ఇద్దరం. ఒకే అక్షరాలతో ఉండి ఒక్కో దేశంలో ఒక్కో అర్థమిచ్చే యూరపు మాటలను చీటీల మీద ఎక్కించడం ఆయనకు వ్యసనం. ఇంగ్లీషులో బహుమతి అయిన ‘గిఫ్ట్’ జర్మనులో విషం, స్వీడన్‌లో పెళ్ళయిన మనిషి. అది చెప్పిన రోజు సారు నవ్వలేదు. ఆయనకు అప్పుడే పెళ్ళయింది.

రిటైరై నిర్మల్ చేరాక, చీటీలు తీసుకుపోయి పుస్తకం అచ్చు వేయించమని ఆరేళ్ళుగా రాస్తున్నారు. వస్తున్నానని నేనూ ఆరేళ్ళుగా జవాబు రాస్తున్నాను. ఈసారి వచ్చిన కార్డు ఇంకెవరి చేతో రాయించింది. చూపు ఆనడం లేదట.

మెట్‌పల్లిలో బస్సు అరగంట ఆగింది. పక్క సీటు ముసలమ్మ, “యాడికి కొడుకా?” అంది. చదువు చెప్పిన సారు దగ్గరికన్నాను.

“ఒట్టి చేతులతోనా?” అని అటు తిరిగి కూర్చుంది. దిగి డజను అరటిపళ్ళు కొన్నాను.

సోన్ దగ్గర గోదావరి దాటి, ఒంటిగంటకు నిర్మల్ చేరాం. సారు గొంతునుబట్టి పోల్చుకున్నారు. “వచ్చినవా. ముందుగాల అన్నం తిను.”

తిన్నాక చీటీల సంగతి అడిగాను.

“లచ్చన్నకిచ్చిన,” అన్నారు.

లచ్చన్న పక్కింట్లో పొనికి చెక్కతో బొమ్మలు చేస్తాడు. ముక్కలు అతికి, అతుకుల మీద చింతగింజల జిగురుతో కాగితం అంటించి, దానిపైన సుద్ద, ఆపైన రంగు పూస్తాడు. ముప్పై ఏళ్ళ చీటీలన్నీ ఆ రంగు కిందికి పోయాయి. సారు చెయ్యి పట్టుకుని అతని వాకిట్లోకి వెళ్ళాను.

“మంచి మందం కాయితం,” అన్నాడు లచ్చన్న. “ఉట్టిగ ఇయ్యలే మీ సారు. సూపు పూరా పోకముందే ఒక్కొక్క చీటి చదివి, నాతోని మల్ల చెప్పిచ్చుకొని ఇచ్చిండు.” ఒక చిలుకను చేతిలోకి తీసుకున్నాడు. “గిండ్ల ‘పెయిన్’ ఉన్నది. ఇంగ్లీషోల్లకు నొప్పి, ఫ్రెంచోల్లకు రొట్టె.”

“అమ్ముడుపోయిన బొమ్మలు?”

“బొమ్మ పోతది గని, మాట నాకాడనే ఉన్నది.”

దీపాలు పెట్టేదాకా అతను చెప్పాడు, నేను పైకి అంటూ రాసుకున్నాను. నులకమంచం మీది నుంచి సారు ఉచ్చారణ దిద్దారు, వెనకటి లాగే నాది మాత్రమే. చాలా ఏళ్ళ తర్వాత ముందు బెంచీలో కూర్చున్నట్టనిపించింది. నోటుబుక్కు సగం నిండింది.

మర్నాడు ఎనిమిది గంటల బస్సు లచ్చన్న కూడా ఎక్కాడు, బొమ్మల గంపతో మెట్‌పల్లి అంగడికి. నిర్మల్‌లో చూడవలసినవి చాలా ఉన్నాయంటారు. నేను ఒక వాకిలి చూసి వచ్చాను. అక్కడే ఇంకో రోజు ఉండవలసింది.

ఎండాకాలానికల్లా పుస్తకం అచ్చు వేయిస్తానని లచ్చన్నతో అన్నాను. మెట్‌పల్లి వచ్చింది. అతను గంప నెత్తికెత్తుకున్నాడు.

“ఎయ్యుండ్రి, ఎయ్యకపోండ్రి,” అన్నాడు. “మీరొస్తరని దాచిండు. ఇగ రారని నాకిచ్చిండు.”