ఇంటర్వ్యూకి సెలవు దయచేసిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, నేను మనిషిలా పడుకుని నిద్రపోవడం మరిచిపోయిన రోజులున్నాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు, పక్కకు తిరిగితే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది, అందుకని గోడకు వీపు ఆనించి కూర్చుని కునికిపాట్లు పడేవాణ్ణి, నా భార్య కరుణమ్మ నా వీపు రాస్తూ తనూ కూర్చునేది, తెల్లారి ఉమ్మితే చెక్కపొట్టు రంగులో పడేది. అలాంటి నన్ను దేవుడు ఈ రోజు మీ ముందు నిలబెట్టి, దగ్గకుండా ఇంతసేపు మాట్లాడనిస్తున్నాడు. దేవునికే మహిమ!

ఇందాక నేను లేచి వస్తుంటే ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, దగ్గు సంగతి చెప్పు, స్వస్థత సంగతి చెప్పు, మధ్యలో ఆ ఇంటర్వ్యూల గొడవ ఎందుకు రత్నం, అన్నారు. అయ్యా, మీకు వందనాలు, కానీ ఆ మధ్యది తీసేస్తే నా సాక్ష్యంలో దేవుడు కార్యం చేసిన చోటే పోతుంది! పాస్టరుగారు చెప్పమన్నారు, నేను చెబుతాను. వెనకాల గొణగడం నాకు చేతకాదు.

నేను పనిచేసింది ఝపటాపూర్‌లోని కలప మిల్లులో అని మీలో చాలామందికి తెలుసు. ఆ మిల్లు యజమాని మన సంఘ పెద్దే, నేను ఆయన్ను పెద్దయ్యగారు అనే పిలిచేవాణ్ణి, ఇప్పుడూ అలాగే పిలుస్తాను, అదిగో ముందు వరుసలోనే ఉన్నారు. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఈ బెంగాలీ రైల్వే ఊరికి వచ్చి ఆయన దగ్గర దుంగలు మోసి, జ్వరంతో కన్నుమూస్తే, పెద్దయ్యగారు నన్ను రంపం దగ్గర పెట్టుకున్నారు, మిల్లు వెనక గది ఇచ్చారు. ఆ మేలు నేను కాదనను, ఏనాడూ కాదనలేదు. కానీ ఆ రంపం ముందు పొద్దున్నించి సాయంత్రం దాకా పొట్టు పీలిస్తే ఊపిరితిత్తులు ఏమవుతాయో, ఆ మేలు చేసినవాళ్లు అడగలేదు, పొందినవాణ్ణి నేనూ అడగలేదు. ఇందా పేటలో ఒక డాక్టరుబాబు నా ఛాతీకి గొట్టం పెట్టి చూసి, "కాఠ్‌కల్ ఛాడో దాదా, నొయిలే బాచ్‌బే నా" అన్నాడు. మిల్లు వదులు, లేకపోతే బతకవు అని. వదిలితే తినేదేమిటి, ఉండేదెక్కడ? ఆయన మందు రాశాడు కానీ ఆ మాటకి జవాబు రాయలేదు.

అలాంటి రోజుల్లో రైల్వే నుంచి కాల్ లెటర్ వచ్చింది! గేట్‌మన్ పోస్టుకి, బుధవారం ఇంటర్వ్యూ. ఈ ఊళ్లో కాల్ లెటర్ అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. గేటు దగ్గర పని అంటే ఆరుబయట గాలి, రైల్వే క్వార్టర్, రైల్వే ఆసుపత్రి. నేనూ కరుణమ్మా ఆ కాగితం మధ్యలో పెట్టుకుని మోకరించి ఏడ్చాం.

అయితే సెలవు? మా మిల్లులో సెలవు రెండింటికే ఇచ్చేవారు, చావుకీ, చావుబతుకులకీ. అందుకని ఇంటర్వ్యూకి వెళ్లాలంటే ఎవరినో ఒకరిని చంపాలి. ఊరి నుంచి 'తల్లి సీరియస్, వెంటనే బయలుదేరు' అని టెలిగ్రాం ఇప్పించుకునేవారు మావాళ్లు. ఒకాయన తల్లి అలా ఎన్నిసార్లు మంచం పట్టిందో ఆ మహాతల్లికే తెలియదు, దివ్యంగా పలాసలో జీడిపప్పు వలుచుకుంటోంది. నవ్వకండి సహోదరులారా, నేనూ మా పెదనాన్నని మంచాన పడేద్దామా అని ఆలోచిస్తూ ఉన్నాను. ఆలోచన తెగకముందే శుక్రవారం స్త్రీల ప్రార్థన కూడిక వచ్చింది.

ఆ కూడికలో ఆఖర్న ఎవరి మనవి వాళ్లు లేచి చెప్పుకోవడం మన సంఘంలో ఆనవాయితీ కదా. మా కరుణమ్మ లేచి, "మా ఆయనకి బుధవారం రైల్వే ఇంటర్వూ ఉందమ్మా, ప్రార్థన సెయ్యండి" అని అందరి ముందూ చెప్పేసింది. ఆ కూడిక నడిపించేది ఎవరు? పెద్దయ్యగారి భార్య, మన అమ్మగారు! ఆవిడ ఏం చేశారు? కళ్లు మూసుకుని చేతులెత్తి, "తండ్రీ, మా రత్నం తమ్ముడికి మంచి గాలి పీల్చుకునే ఉద్యోగం దయచేయుము, ఆ బిడ్డకు అడ్డుగా నిలిచిన ప్రతి బండను పగలగొట్టుము ప్రభువా" అని కన్నీళ్లతో ప్రార్థన చేశారు. ఆ బండ తన ఇంట్లోనే భోజనానికి కూర్చుంటుందని పాపం ఆవిడకి అప్పుడు తట్టలేదు. ఇంటికి వెళ్లి సంతోషంగా ఆయనకే చెప్పారు.

నేను కరుణమ్మ మీద ఇంతెత్తున లేచాను. నోరు కుట్టుకోలేకపోయావా అన్నాను. తను నన్ను నిదానంగా చూసి, "దేవుడి కాడ కూడా దాసమంటావేటి? ప్రార్థనలో సెప్పకపోతే మరెక్కడ సెప్తాను?" అంది.

మర్నాడు మిల్లులో రంపం ఆపించి, అందరి ముందూ పెద్దయ్యగారు నన్ను నిలబెట్టారు. "ఏటి రత్నం, రైల్వే కావాల్సొచ్చిందా? నీ బాబు పోయిన్నాడు ఎవులు సూసినారు నిన్ను? బుధవారం ఎల్లినావంటే మరి రాకు. గది కాళీ చేసీ." ఆ తర్వాత దాసులు యజమానులకి లోబడాలని వాక్యం కూడా చూపించారు. నేను తల వంచుకుని విన్నాను, కానీ నా లోపల ఇంకో వాక్యం లేచింది. ఐగుప్తులో ఇటుకలు చేసిన జనం రాజుని మొట్టమొదట అడిగిందేమిటి? సెలవే కదా! దేవుణ్ణి ఆరాధించి వస్తాం, పోనివ్వండి అన్నారు. రాజు ఏమన్నాడు? మీరు సోమరులు, పని చెయ్యండి అన్నాడు. మరి దేవుడు ఎవరి పక్షాన నిలబడ్డాడు? సండే స్కూల్ పిల్లలనడగండి, చెబుతారు.

ఆ మధ్యాహ్నం దుంగల చాటున మోకరించి నేను చేసిన ప్రార్థన నాకింకా గుర్తుంది. "ప్రభువా, అబద్ధం చెప్పి వెళ్లే దారి నా భార్య మూసేసింది, నిజం చెప్పి వెళ్లే దారి నా యజమాని మూసేశాడు. ఇంక నువ్వే సెలవియ్యి. నీ దగ్గర సెలవు తీసుకుని వెళుతున్నాను, నా కూలి ఎవరు కోసినా నువ్వు కొయ్యవు." లేచేసరికి నా భయం పోయింది! బుధవారం స్నానం చేసి, చలువ చొక్కా తొడుక్కుని, మిల్లు వెనక గుమ్మంలోంచి కాదు, ముందు గేటులోంచే, అందరూ చూస్తుండగా బయటికి నడిచాను.

ఇంటర్వ్యూ ఆఫీసు వరండాలో మేమంతా వరుసగా కూర్చున్నాం. నాలాగే ఎక్కడో ఒకచోట పనిచేస్తున్నవాళ్లే అందరూ, అక్కడ ఏం చెప్పి వచ్చారో ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఒకడికి విరేచనాలు, ఒకడి బావమరిది కాలు విరిగింది, ఒకడి అత్త పోయింది. నా వంతు వచ్చి లోపలికి వెళితే ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్న, ఇక్కడికి వచ్చినట్టు మీ యజమానికి తెలుసా అని. తెలుసు సార్, వద్దన్నారు, అయినా వచ్చాను అన్నాను. ఆయన తలెత్తి నన్ను చూశారు. మాటలు బాగానే సాగాయి, నన్ను మెడికల్‌కి పంపించారు.

అక్కడ డాక్టరు నా ఛాతీ విని తల అడ్డంగా ఊపాడు. ఛాతీ బాగుపడ్డాక మళ్లీ అప్లై చెయ్యి అన్నాడు. అంతే, ఉద్యోగం లేదు, ఉన్న పని లేదు, గది లేదు! ట్రంకు పెట్టె, వంట సామాను రిక్షాలో వేసుకుని పూరీ గేట్‌లో కరుణమ్మ పిన్ని ఇంటి వరండాలో దిగాం. సంఘంలో కొందరు, చూశావా, దేవుడు నీ పక్షాన లేడు, పెద్దయ్యగారి కాళ్ల మీద పడు అన్నారు. పడను అన్నాను. దేవుడి పాదాల దగ్గర పడ్డవాణ్ణి, ఇంకొకరి కాళ్ల దగ్గర నాకు పనిలేదు అన్నాను. అప్పుడు గర్వం అన్నారు, ఇప్పుడు విశ్వాసం అంటున్నారు.

ఇక దేవుని కార్యం వినండి! ఇందా బజారులో ఒక బెంగాలీ దాదా పాత్రల కొట్టులో పని దొరికింది. రంపం లేదు, పొట్టు లేదు. వారాలు గడిచేకొద్దీ దగ్గు తగ్గింది, ఒకరోజు తెల్లారి లేచి చూస్తే నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను, కరుణమ్మ పక్కన కూర్చుని ఏడుస్తోంది, ఏమైందంటే నిద్రపోయావు అంది! మిల్లులోనే ఉండి ఉంటే నాకా ఊపిరి వచ్చేదా? నన్ను వెళ్లగొట్టిన కోపాన్నే దేవుడు నాకు మందుగా నూరి పోశాడు, సహోదరులారా!

మళ్లీ అప్లై చేశాను, మళ్లీ కాల్ లెటర్ వచ్చింది. దాదా దగ్గర నిలబడి, ఇంటర్వ్యూకి సెలవు కావాలి అని ఉన్నదున్నట్టు అడిగాను. ఆయన నా కాళ్ల వైపు చూసి, "యే చప్పల్ పహన్‌కే జాయేగా?" ఈ చెప్పులతోనా వెళతావు అని, తన బూట్లు విప్పి నా ముందు పెట్టాడు. ఠీక్ హై, వెళ్లి గెలిచి రా అన్నాడు. మన ప్రభువు నామం ఎరగని మనిషి! విశ్వాసి తలుపు మూస్తే, ఆయన బూట్లు ఇచ్చాడు. ఇది కూడా సాక్ష్యమే, మింగలేకపోయినా వినండి.

ఈసారి కరుణమ్మతో నేనే చెప్పాను, కూడికకి వెళ్లు, గట్టిగా చెప్పు అని. తను లేచి మనవి చెప్పిందట. మొదటిసారి అమ్మగారు తెలియక ప్రార్థన చేశారు, దాని మూలంగా మా గది పోయింది, పెద్దయ్యగారూ, మీ ఇంట్లో మాటలు కూడా పెరిగాయని విన్నాను. ఈసారి ఆవిడకి అంతా తెలుసు. తెలిసీ మోకాళ్లూని, "తండ్రీ, మొన్న సేసిన ప్రార్థన నేను ఎనక్కి తీసుకోను, అదే మల్లీ అడుగుతున్నాను" అన్నారట. నా భార్య ఆ మాట ఇంటికి వచ్చి చెప్పలేక చెప్పలేక చెప్పింది. నేను ఆ ఉద్యోగం అప్పుడే వచ్చేసినట్టు ఏడ్చాను.

వచ్చింది! ఛాతీ విని డాక్టరు తల నిలువుగా ఊపాడు. ఈ రోజు నేను గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడే మనిషిని, బండి వెళ్లాక గుండెల నిండా గాలి పీల్చి స్తోత్రం చెబుతాను. దాదా బూట్లు తుడిచి తిరిగి ఇచ్చాను. ఇవాళ ఆదివారం నాకు డ్యూటీ, సెలవు చీటీలో కారణం దగ్గర 'దేవునికి కృతజ్ఞత చెప్పుటకు' అని రాసి ఇచ్చాను, మా ఇన్‌చార్జి బాబు సంతకం పెట్టాడు.

వెనక బల్లల మీద కూర్చున్న మిల్లు తమ్ముళ్లారా, మీలో ఎవరి జేబులో కాల్ లెటర్ ఉందో నాకు తెలియదు. ఉంటే ఊళ్లో ఉన్న తల్లిని మంచాన పడేయకండి. ప్రభువుకి చెప్పండి, సంఘానికి చెప్పండి, నిజం చెప్పి ముందు గేటులోంచి నడవండి. పోయేది గది ఒక్కటే, ఆయన దగ్గర చోటు ఉంది. పెద్దయ్యగారూ, మీ మీద నాకు పగలేదు. కానీ రేపు వీళ్లలో ఎవరైనా సెలవు అడిగితే ఇవ్వండి. నా ఉద్యోగం నా తెలివితో రాలేదు, దాదా బూట్లతో రాలేదు, మీ భార్య చేసిన ప్రార్థనతో వచ్చింది, ఆ దేవుడికి మీరు అడ్డం నిలబడలేరు. ఆయనకే స్తోత్రం కలుగును గాక!

వింటున్నాను, వింటున్నాను. స్త్రీల వైపు నుంచి అందరికంటే ముందు, అంత గట్టిగా ఆమెన్ అన్నది ఎవరో, పెద్దయ్యగారూ, మీరూ నేనూ తిరిగి చూడనక్కరలేదు.