కల్లంలో ఇద్దరు కవులు

ఎం.ఏ. ఇంగ్లీషులో మాకొక ప్రశ్న తప్పకుండా వస్తుందనేవారు: యుద్ధాన్ని వ్యతిరేకించిన ఇద్దరు కవులు యుద్ధ విషాదాన్ని ఎలా చెప్పారో పోల్చి రాయండి. మొదటి కవి యుద్ధం లోపలుండి రాశాడు. బురద, తెగిన చెయ్యి, మంచినీళ్ళడుగుతూ పోయిన పక్కవాడు, దేన్నీ దాచడు. రెండో కవి యుద్ధభూమి ఛాయలకే వెళ్ళడు. ఒక ఇల్లు, గుమ్మంలో ఒక జత చెప్పులు, అలవాటు కొద్దీ ఇద్దరికి వండి ఒక్కతే తినే తల్లి. అంతే.

"మొదటాయన శవాన్ని చూపిస్తాడు, రెండో ఆయన చెప్పుల్ని చూపిస్తాడు" అని క్లాసులో అంటే అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వి, ఆ ముక్కే కాస్త మర్యాదగా రాస్తే మార్కులేస్తానన్నారు. రెండో కవితే గొప్పదని గైడు తేల్చేసింది. నేనూ తేల్చేశాను. గైడుతో విభేదించి బాగుపడ్డవాణ్ణి మా బ్యాచిలో చూడలేదు.

పరీక్షల ముందు సెలవులకి సత్తెనపల్లి దగ్గర మా ఊరొచ్చాను. మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. మా పెద్దమ్మ కొడుకు మిలిటరీ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. వరసకి అన్న, వాడకంలో ఒరేయ్. ఇద్దరం కూర్చుని తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నాం. నేను ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ఏరినట్టు నటిస్తున్నాను.

"ఏందిరా ఆ గొణుగుడు?"

"యుద్ధం గురించి. నీ సబ్జెక్టే."

"చదువు. తప్పులుంటే చెప్తా."

తుమ్ముకీ తుమ్ముకీ మధ్య తెలుగు చేసుకుంటూ చదివాను. మొదటి కవిత అయ్యేదాకా వాడి చెయ్యి కాయల మీద కదల్లేదు. "ఎవడ్రా వీడు? అక్కడే ఉన్నట్టున్నాడే" అన్నాడు. రెండోది విని మామూలుగా అయిపోయాడు.

"ఇది మా అమ్మ చూసే సీరియల్లా ఉంది."

అవతల కాయల కింద పట్టా సర్దుతున్న పెద్దమ్మ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆ మొదటిది మాత్రం అమ్మకి వినిపించబాక. అక్కడ చల్లగా ఉంటదని చెప్పా. ఏసీలో ఉద్యోగం అనుకుంటంది. అనుకోనీ."

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. చెప్పులకే ఓటేశాను. మార్కులు బాగానే పడ్డాయి.

మళ్ళీ మిరప కోతలు రాకముందే వాడు పెట్టెలో వచ్చాడు. తెరవొద్దన్నారు. తెరవలేదు. ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నివాళులర్పిస్తున్న నాయకుల బొమ్మల మధ్య వాడి బొమ్మని వెతుక్కోవాల్సొచ్చింది. వాడుంటే, "ఒరేయ్, ఇందులో పోయినోడు ఎవడ్రా?" అనేవాడు. వాడు లేడు కాబట్టి ఆ జోకు నా ఒక్కడికే మిగిలిపోయింది.

ఈ ఏడు కల్లంలో నేనూ పెద్దమ్మా కూర్చున్నాం. ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"పోయినేడు ఇక్కడే కూర్చుని వాడికేదో చదివావే, ఏందది?"

"పరీక్ష పాఠం పెద్దమ్మా. కవితలు."

"నాక్కూడా చదువు."

పుస్తకం ఇంట్లోంచి తెచ్చి రెండోది చదివాను. చెప్పులు, ఇద్దరికి వండిన అన్నం. గైడు ప్రకారం గుండె కరిగిపోవాలి. పెద్దమ్మ ఒక తాలు కాయ తీసి పక్కన పడేసింది.

"ఇందులో నాకు తెలవందేముంది? రోజూ చేస్తన్నదేగా. ఇంకోటి చదువు."

"ఇంకోటి లేదు పెద్దమ్మా."

"రెండు చదివావు. మొదటిదానికే వాడు చెయ్యాపింది. నేను చూస్తానే ఉన్నా."

ఇక తప్పలేదు. "వాడే నీకు వినిపించొద్దన్నాడు" అన్నాను.

"వాడు చెప్పొద్దన్నాడు. వాళ్ళు పెట్టె తెరవొద్దన్నారు. ఊళ్ళో వాళ్ళేమో ఏడవొద్దు, వీరుడి తల్లివి అన్నారు. నా బిడ్డకి ఏమైందో నాకొక్కళ్ళూ చెప్పలా. నువ్వన్నా చదవరా."

చదివాను. తెగిన చెయ్యి దగ్గరికొచ్చేసరికి, చేతికి చిన్న దెబ్బ తగిలిందన్నాను.

"అబద్ధమాడేటప్పుడు నీ మొహం నవ్వుద్దిరా. సరిగ్గా చదువు."

మళ్ళీ వెనక్కి వెళ్ళి చెయ్యి తెగిందని చదివాను. పక్కవాడు మంచినీళ్ళడగటం చదివాను. ఇవ్వటానికి నీళ్ళు లేకపోవటం చదివాను. పెద్దమ్మ చేతులు ఏరుతూనే ఉన్నాయి. మంచి కాయలన్నీ తాలు కుప్పలో పడుతున్నాయి. నేను చెప్పలేదు.

అయిపోయాక చేతిలో కాయ కింద పెట్టింది.

"ఇది రాసినాయన ఇంటికొచ్చాడా?"

ఆ సంగతి గైడులో ఒక్క ముక్కలో ఉంది. పరీక్షలో ఎవరూ అడగరని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"రాలేదు పెద్దమ్మా."

నా మొహంలోకి చూసింది. అందులో నవ్వు లేదని ఆమెకి తెలిసినట్టుంది.

"మరి ఇదెట్టా వచ్చింది?"

"కాగితం దొరికింది. ఇంటికి పంపారు."

పెద్దమ్మ తల ఊపింది. "పోనీలే. వాళ్ళమ్మకి అదన్నా వచ్చింది."

కొంగుతో చేతులు తుడుచుకుని కాస్త దగ్గరికి జరిగింది.

"ఇంకోసారి చదువు. మెల్లగా."

తుమ్ము వచ్చింది. ఆపుకుని, బురద దగ్గర్నుంచి మొదలుపెట్టాను.